ఫర్జానా పట్టిన కెమెరా కునుకు

ఒమాన్ దేశం బౌషర్‌లో నా ఇంటర్నెట్ కొట్టుకు ఫర్జానాను తీసుకున్నది కంప్యూటర్లు బాగుచేయడానికి కాదు. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు శుక్రవారం సెలవు పూట ఊరికి మాట్లాడుకోవడానికి వస్తారు. వాళ్లను కూర్చోబెట్టి లైన్ కలపడానికి ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని తీసుకున్నాను. రాయచోటి పిల్ల. బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. భర్త ఘుబ్రాలో స్కూలు బస్సు నడుపుతాడు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక పనికి కాగితాలు సరిచేయించుకుని నా దగ్గరకు వచ్చింది. వచ్చిన వారానికే నా కొట్టు నాది కాకుండా పోయింది.

"అన్నా, ఈ దొంగ విండోసులన్నీ పీకేస్తాండా. లినక్స్ వేస్తా, అది ఊరికే వస్తాది. వైరస్ పీడ ఉండదు," అంది. నేను సరే అనేలోపే సగం మిషన్లు విప్పేసింది. ఇంక నేననేదేముంది, తల ఊపాను.

పిల్లకు ఒక చాదస్తం. మిషన్ మొరాయిస్తే ఆపి మళ్లీ ఆన్ చేయనివ్వదు. "ఆపితే సాక్ష్యమంతా పోతాదన్నా, చెయ్యి తియ్," అని కసురుకుంటుంది. ఆ సాక్ష్యం కోసం కస్టమర్లను నిలబెట్టి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చదువుకుంటూ, సోంపు నములుతూ కూర్చుంటుంది. అద్దె కట్టేవాడిని నేను కదా! నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆమె ఒకసారి బాగుచేసిన మిషన్ మళ్లీ అదే జబ్బుతో పడుకునేది కాదు. అందుకని తిట్టుకుంటూనే ఊరుకునేవాణ్ణి.

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో ఆమె మిషన్లన్నిటికీ కొత్త కెర్నల్ వేసింది. కెర్నల్ అంటే ఏమిటమ్మా అని అడిగితే, "సైట్‌లో మేస్త్రీ ఉంటాడే, అట్లాంటిదన్నా. కీబోర్డు, మౌసు, కెమెరా, ఎవరికేం పనో అదే చెప్తాది," అంది. కొత్త మేస్త్రీకి పొదుపు కూడా తెలుసట. పని లేకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చి కరెంటు మిగులుస్తుందట. కరెంటు పోతే మా పాత యూపీఎస్ ఇంకాసేపు లాగుతుందని ఆమే ఆ ఏర్పాటు పెట్టింది. నేనూ సంతోషించాను.

ఆ తర్వాతే గోల మొదలైంది. ఆడవాళ్ల కోసం మూలన కర్టెన్ కట్టిన క్యాబిన్ ఒకటుంది. అందులో కెమెరా పనిచేయదు. మాట వినబడుతుంది, బొమ్మ రాదు, తెర నల్లగా ఉంటుంది. నేను వెళ్లి కెమెరా వైరు పీకి పెట్టి చూస్తే నా మొహం శుభ్రంగా కనబడుతుంది. సరే అని ఇవతలికి వస్తానా, లోపల మళ్లీ చీకటి. ఫర్జానా ఆ కెమెరాను తీసి మగవాళ్ల వైపు పెట్టింది. అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది. మగవాళ్ల కెమెరా తెచ్చి క్యాబిన్‌లో పెట్టింది. అదీ చచ్చింది! మిషన్లు కూడా అటూ ఇటూ మార్చింది. ఊహూ.

సురేందర్ అని జగిత్యాల అబ్బాయి, బిల్డింగ్ పనిలో ఉంటాడు, ప్రతి శుక్రవారం వస్తాడు. వాడికి ఇదొక వేడుకైపోయింది. "గా కెమెరా మొగోళ్లకే పనిజేస్తదే అక్కా. ఆడోళ్లను జూస్తే సిగ్గువడ్తుంది," అని కొట్టంతా నవ్వించాడు.

"నేనేమన్నా మొగోణ్ణా? నాకెట్ల పనిచేస్తాండాది మరి?" అని ఫర్జానా వాడి మీద లేచింది. నిజమే, ఆమె తెర మీద నొక్కి ఎన్నిసార్లు తెరిచి మూసి చూసినా కెమెరా పలికేది. మేస్త్రీ రాసుకునే చిట్టా తీసి చదివింది. కెమెరాను నిద్రపుచ్చినట్టు ఉంది, లేపితే పలకలేదనీ ఉంది. "మౌసు కూడా నిద్రపోతాంది, ముట్టుకుంటే లేస్తాంది గదన్నా. దీనికేం రోగం? నా ముందర ఎందుకు పడుకోదు?" అని తల పట్టుకుంది.

ఈ నవ్వులాటలో నవ్వనిది కాశమ్మ ఒక్కతే. రాజంపేట దగ్గర పల్లె ఆమెది. ఇక్కడ ఒక ఒమానీ ఇంట్లో వంట, పిల్లల పని. నెలకొక శుక్రవారం మేడం బయటికి వదులుతుంది. అదే రోజు అక్కడ ఆమె చెల్లెలు అంజలిని రాజంపేట నెట్ సెంటర్‌కు తీసుకొస్తుంది. అంజలి కాశమ్మ కూతురు. తల్లి ఒమాన్‌కు వచ్చేటప్పుడు చంకలో ఉన్న బిడ్డ, ఇప్పుడు బడికి పోతోంది. అమ్మ అంటే దానికి ఫోన్‌లో గొంతు, అంతే. మొహం చూపిద్దామని కాశమ్మ నా కొట్టుకు రావడం మొదలుపెట్టి రెండు నెలలు. ఆ రెండుసార్లూ బిడ్డకు కనబడింది నల్లటి తెర.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక కాశమ్మ వచ్చింది. కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. "పోయినసారి అంజలి ఏమడిగిందో తెలుసా జయరాముడన్నా? పిన్నీ, మా అమ్మకు మొగం లేదా అనిందంట. ఈసారి గూడా రాకపోతే ఇంక పిలిపియ్యను. అంత ఎండలో బిడ్డను తెచ్చి నల్లద్దం చూపిచ్చేది దేనికి? నా చెయ్యే మంచిది కాదేమో," అంది. ఫర్జానా నోట్లో సోంపు ఊసేసి, "చెయ్యీ లేదు, కాలూ లేదు. పద, నేనూ లోపలికొస్తా," అని ఆమె వెంట కర్టెన్ వెనక్కి వెళ్లింది. అంతవరకూ లైన్ కలిపి, వాళ్ల మాటలు వాళ్లవని బయటికొచ్చేసేది. లోపల నిలబడడం అదే మొదలు.

ఒక్క నిమిషం అయిందో లేదో లోపల్నించి కేక! నేను పరుగున వెళ్లి కర్టెన్ తీశాను.

"కదలొద్దు కాశమ్మా! ఇప్పుడు నువ్వేం జేస్తివి, చెప్పు," అంటోంది ఫర్జానా.

"ఏం జెయ్యలేదమ్మా, నీ తోడు! మొగం చూసుకుంటి."

"యాడ చూసుకుంటివి?"

"ఈ కెమెరాలోనే. లోపల అద్దం లేదు గదా. తల రేగింది. దువ్వుకుందామని మూసేస్తి. ఆ కన్ను చూస్తాంటే కొంగు సర్దుకునేదెట్లమ్మా? దువ్వుకోని మళ్లా తెరిస్తే, ఇదో, చీకటి!"

"ఈడికొచ్చే రాబియా, మిగతా ఆడోళ్లు గూడా ఇట్లే చేస్తారా?"

"అందరం అంతే గదా! అత్తగారోళ్లు చూస్తారు, జుట్టు రేపుకోని కూచుంటామా?"

ఫర్జానా పగలబడి నవ్వింది. కాశమ్మ బిత్తరపోయింది. నేను కూడా. నవ్వాపుకున్నాక నాకు అర్థమయ్యేలా చెప్పింది. మగవాళ్లు వచ్చీ రాగానే కెమెరా తెరిచి హలో అని అరుస్తారు, తెరిచింది పోయేటప్పుడు కూడా మూయరు. ఆడవాళ్లు మొహం చూసుకుని, మూసి, తల దువ్వుకుని, కొంగు సర్దుకుని మళ్లీ తెరుస్తారు. ఒకసారి తెరిచి మూశాక రెండు సెకన్లు పని లేకపోతే చాలు, మేస్త్రీ కెమెరాను పడుకోబెడతాడు. ఈ చౌకరకం కెమెరాలు నిద్రపోవడం వచ్చని ఒప్పుకుంటాయి గానీ, లేవడం రాదు వాటికి. వైరు పీకి పెట్టినప్పుడే మళ్లీ ప్రాణం. ఫర్జానా పరీక్ష చేసేటప్పుడు మూసిన మరుక్షణం తెరిచేది, అందుకని దానికి కునుకు తీసే తీరిక దొరకలేదు.

"ఇన్ని రోజులూ నేను మిషన్లనే చూస్తాన్న్యానన్నా, మనుషుల్ని చూడలే!" అని నెత్తి కొట్టుకుంది.

ఆ కెమెరా గుణం గురించి కెర్నల్ రాసేవాళ్లకు ఆ వారంలోనే ఈమెయిల్ పెట్టింది. వాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తే నా కౌంటర్ మీద కూర్చుని, నా కస్టమర్లను నన్నే చూసుకోమని, జవాబులు రాసింది. అదంతా తర్వాత. ఆ పూటకు మాత్రం అక్కడే ఒక్క వరుస టైపు చేసింది. ఈ కెమెరాను నిద్రపుచ్చొద్దని మేస్త్రీకి హుకుం. వైరు పీకి పెట్టింది. తెర మీద కాశమ్మ మొహం వచ్చింది.

"ఇప్పుడు మూసెయ్. నిదానంగా దువ్వుకో," అంది.

కాశమ్మ మౌసు మీద నుంచి చెయ్యి లాక్కుంది. "వద్దమ్మా! కనబడతాండాది గదా, ఇట్లే కలుపు. అంజలి వచ్చి కూచోనుంటాది."

"పోనీలేమ్మా, పని జరిగింది కదా, కలిపెయ్!" అన్నాను నేను.

ఫర్జానా నా వైపు ఒక చూపు చూసింది. "ఊరుకో అన్నా. దువ్వుకోవద్దని చెప్పేదానికి నేనెవర్ని? మారాల్సింది కెమెరా. కాశమ్మా, మూసెయ్. రాకపోతే ఈ కొట్టులో నేను పని మానేస్తా."

కాశమ్మ నా మొహం చూసి, ఆమె మొహం చూసి, కళ్లు గట్టిగా మూసుకుని నొక్కింది. తెర ఖాళీ అయింది. పాపట తీసుకుంది, జడ అల్లుకుంది, కొంగు సర్దుకుంది. బయట సురేందర్ చెవులకున్న హెడ్‌ఫోన్ తీసేసి నిలబడ్డాడు. "చాలా?" అని గుసగుసగా అడిగింది. ఫర్జానా తల ఊపింది. కాశమ్మ నొక్కింది.

వచ్చింది! ఆమె మొహం నిండుగా వచ్చింది. సురేందర్ ఈల వేశాడు. ఫర్జానా వెంటనే రాజంపేట కలిపింది. అక్కడ ఒక చిన్నపిల్ల కుర్చీ మీద మోకాళ్లేసి తెరకు మొహం ఆనించినంత దగ్గరగా ఉంది. ముందు పన్ను ఒకటి ఊడింది. కాశమ్మను చూసింది. మాట్లాడదు, నవ్వదు, కన్ను ఆర్పదు. కాశమ్మ తెర మీదికి వంగింది. ఎదురుగా ఉన్నది ఎవరని బిడ్డకు తోస్తోందో అని నాకే భయం వేసింది.

బిడ్డ వెనక్కి తిరిగి, "పిన్నీ, పిన్నీ!" అని గట్టిగా అరిచింది. "చూడు, మా అమ్మ అచ్చం నా మాదిరే ఉండాది!"

కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నవ్వింది. "ఔ కన్నా, నీ మాదిరే ఉండా," అంది.