బడి వెనక నల్లమట్టి

నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించి, చేను గట్ల మీద నడిపిస్తూ ఆకుల పేర్లు నేర్పాడు. పెళ్ళయి లక్డారం దగ్గరి ఊరికి వచ్చాక మా ఇల్లు ప్రాథమిక పాఠశాల గోడకు ఆనుకునే ఉండేది. తొంభైల్లో ఒక వేసవిలో హెడ్మాస్టరు గారు వచ్చి, బడి వెనక సర్కారు తుమ్మ కమ్మిన జాగాను మళ్ళీ తోటగా చేసి అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పాలనుంది, సాయం చేస్తారా అని అడిగారు. ఆ పూట దేవుడి ముందు దీపం పెట్టి, సరేనన్నాను. బడికి పోని నన్ను బడే పిలిచింది.

తుమ్మ కొట్టించాక కింద అంతా మొరం. గడ్డపార దిగలేదు. ఆ దారిన పోయే ట్రాక్టరతను ఆగి చూశాడు.

"గీ మొరంల ఏం మొలుస్తదక్కా? నల్లమట్టి తెచ్చి పోస్త. పైసలేమొద్దు."

"యాడిది తమ్మీ?"

"కంపిని ఎనకది. పిండి లెక్కుంటది. అందరు పొలాలల్ల ఏస్కుంటున్రు."

అంతకుమించి అడగలేదు. కోరకుండా వచ్చినదాన్ని తరచి అడగడం దేవుణ్ణి శంకించడమే అనుకునేదాన్ని. చేతులు జోడించి తీసుకున్నాను.

బంతి, తులసి, గోరింట నాటాం. చదువు చెప్పే చోటు సరస్వతి ఉండే చోటని, చెప్పులు గేటు బయటే విడవాలని పిల్లలకు నియమం పెట్టింది నేనే. తొలకరి పడింది. తడిసిన మట్టిలో మడమల దాకా దిగి, పిల్లలు ఆకుల అంచులు తడిమి చూస్తూ పేర్లు వల్లె వేసేవాళ్ళు.

పదిహేను రోజుల్లో బంతి ఆకుల కొసలు మాడాయి. ఎండ అనుకున్నాను. తర్వాత రెండో తరగతి పాప పాదాలు గీక్కుంటూ కనిపించింది.

"ఏందే, గట్ల గీక్కుంటున్నవ్?"

"సుర్రుమంటుంది పెద్దమ్మా."

"అది కాళ్ళు కడగదు పెద్దమ్మా," అన్నాడు పక్కవాడు. వాడి వేళ్ళ సందుల్లోనూ తోలు తెల్లగా ఊడి ఉంది.

మట్టి తీసి వాసన చూశాను. మందుబిళ్ళల వాసన. సాయంత్రాలు వాగు పక్కనున్న మందుల కంపెనీ వైపునుంచి గాలి తిరిగితే వచ్చేదే. ముక్కుకు అలవాటై ఇన్నాళ్ళూ గుర్తుపట్టలేదు.

పిల్లల తల్లిదండ్రులు బడికి వచ్చారు. "వానాకాలం పుండ్లేనమ్మా, మీరు మాట్లాడకండి," అని హెడ్మాస్టరు గారు నాతో మెల్లగా అన్నారు. ఆయనకు తోట మీద ప్రాణం. నాకూ అంతే. ఊరుకుంటే తోట ఉంటుంది, పిల్లలు మళ్ళీ అందులోకే దిగుతారు. మట్టి పోయించింది, చెప్పులు విడిపించింది నేనేనని అందరి ముందూ చెప్పేశాను.

ఆ పాప తల్లి అరవలేదు. "మా ఇంటాయన కంపినిల గా మట్టి ఎత్తే పనే జేస్తడక్కా," అంది. "బూట్లేస్కొని జేస్తడు. నువ్వేమో దేవుని పేరు జెప్పి పోరగాండ్ల చెప్పులిడిపిస్తివి."

ఆ రోజే చెప్పుల నియమం తీసేశాను.

తోట గేటుకు తాళం పడింది. ట్రాక్టరతను మళ్ళీ వచ్చాడు. "ఎత్తుకపోతనక్కా. ఒకామె జొన్న చేన్ల పొయ్యమంటుంది."

"వద్దు తమ్మీ. ఆమెకు నేను జెప్పుకుంట. ఇది ఈడనే ఉండనీ."

"నీకు పిచ్చా? ఇచ్చినప్పుడు దండం పెట్టినవ్, ఇప్పుడు తీస్కపోతనంటే వద్దంటవ్."

హెడ్మాస్టరు గారు, నేను, మరో ఇద్దరు కలిసి కాళ్ళకు పాలిథీన్ కవర్లు కట్టుకుని మట్టిని మూలకు లాగి టార్పాలిన్ కప్పాం. వాన నీళ్ళు దాని కిందినుంచి నల్లగానే పారాయి. ఎటు పోయాయో నాకు తెలియదు.

దసరా నాటికి పాప పాదాలు మానాయి. ఆ దయకు రోజూ దండం పెట్టుకుంటాను. పాఠాలు వరండాలో సాగాయి. పిల్లలు కటకటాల్లోంచి తోట వైపు చేయి చాపి, "గదేం చెట్టు పెద్దమ్మా?" అని అడిగేవాళ్ళు. నేను వాళ్ళ పక్కన నిలబడి, దూరంనుంచే పేరు చెప్పేదాన్ని.