ఎలియాస్ బార్లీ మీద పడిన నింద

మా తాతయ్య యోర్గ్ చెట్టర్ పెంచే కోళ్ల రెట్టను ఆదివారం కోటు జేబులో వేసుకుని ప్రార్థనకు వెళ్లొచ్చు. మరక పడదు, వాసన రాదు. సస్కచ్వాన్ రాష్ట్రమంతా గాలించినా అంత మర్యాదగల రెట్ట దొరకదు. అందరం కలిసి పండించుకుని కలిసి తినే మా క్రైస్తవ కాలనీలో పందేలు పాపం గానీ, కాకపోతే కాసేదాన్నే.

ఆ ఘనతలో సగం ఎంజైమ్ పొడిది. మా కోళ్లు తినేది మా పొలంలో పండిన బార్లీ. అందులో ఒక రకం జిగురుంటుంది, కోడికి అరగదు. పొడి కలిపితే ఆ జిగురు విడిపోయి మేత ఒంటబడుతుంది. లేకపోతే రెట్ట బంకలా గుడ్లకు అంటుకుంటుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసి గుడ్ల గదిలో చేరినదాన్ని. ఆ బంక సంగతి నా గోళ్లనడగండి.

నిరుడు చలికాలంలో అదే జరిగింది. గుడ్లన్నీ మురికి. ఆడవాళ్లమంతా వేళ్లు వాచేలా తోమాం. భోజనశాలలో అందరి ముందూ, కాలనీని నడిపే బోధకుడు కారణమడిగితే తాతయ్య తడుముకోకుండా చెప్పేశాడు.

"బార్లీ తడి మీద కోశారు. కోళ్లకు అరగట్లేదు."

కోయించింది పొలం పనుల పెద్ద ఎలియాస్, మా నాయనమ్మ తమ్ముడు.

"బాగా ఎండాకే కోశాను బావా."

"అయితే నా కోళ్లు అబద్ధమాడుతున్నాయా?"

అందరూ నవ్వారు. ఎలియాస్ నవ్వలేదు.

కొన్నాళ్లకు పొడి అమ్మే అతను పట్నం నుంచి కొత్త బస్తా తెచ్చాడు. పాత బస్తా ఉన్న చోటు చూసి నోరు తెరిచాడు. చలికి గడ్డకడుతుందని తాతయ్య దాన్ని షెడ్డును వేడిచేసే బాయిలర్ మీద పెట్టాడు.

"ఇంత సెగకు ఎంజైమ్ బతుకుతుందా పెద్దాయనా? ఇన్నాళ్లూ కోళ్లకు ఉత్త పిండి కలిపారు!"

అదే బార్లీలో కొత్త పొడి కలిపాం. గుడ్లు శుభ్రపడ్డాయి.

"తాతా, బార్లీ తనంతట తానే ఆరిపోయిందంటావా?"

"నోర్ముయ్యవే."

నేను మూసుకున్నాను. పొడి సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. తాతయ్యకే తిండి సయించలేదు. ఎలియాస్ ఎదురైతే తల దించుకునేవాడు. బాతు మాంసంలో మెత్తని ముక్కలన్నీ ఆయన పళ్లెంలోకి తోసేవాడు.

"ఏంటి బావా, నేనేమైనా చావబోతున్నానా?" అనేవాడు ఎలియాస్.

అంతలో ఎలియాస్ బోధకుడి దగ్గరికి వెళ్లి, గింజ ఎండిందో లేదో పోల్చలేనంతగా తన కన్ను మందగించినట్టుందనీ, పొలం ఇంకెవరికైనా అప్పగించమనీ అడిగాడు. ఆదివారం తేలుస్తామన్నారు పెద్దలు.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే, ఎవరూ పిలవకుండానే తాతయ్య లేచాడు. చేతుల్లో టోపీ నలిగిపోతోంది.

"బార్లీలో తప్పు లేదు. పొడిని పాడుచేసింది నేను. తెలిశాక కూడా నోరు విప్పలేదు."

కొన్నాళ్లు అందరికీ దూరంగా కూర్చుని తినమని శిక్ష వేశారు. ఎలియాస్ అక్కడికక్కడే క్షమించి కౌగిలించుకున్నాడు. పొలం ఆయన చేతిలోనే ఉంది.

కానీ ఈ ఏడు కోతలప్పుడు ఎలియాస్ గింజ కొరికి చూసి, పక్కనున్నవాళ్లను అడిగాడు.

"ఎండిందంటారా?"

అంతకుముందు ఆయన ఎవరినీ అడిగి ఎరగడు. ట్రక్కు దగ్గర నిలబడ్డ తాతయ్య ఆ మాట విన్నాడు. నేరుగా కోళ్ల షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాడు.

నేను వెనకాలే వెళ్లాను.

"తాతా, శిక్ష తీరింది. ఆయనా క్షమించాడు. నీ కథ రాస్తున్నాను, ఆ ముఖం కాస్త సరిచేసుకో."

"నా కథ ఎవడడిగాడే? ఎలియాస్ బార్లీ బాగా ఎండిందని రాయి. చాలు."