కంపెనీ పేరూ, మా అన్న పేరూ

మొన్న ఎండలు ముదిరాక మా బోరు మోటారు మూలిగి మూలిగి ఆగిపోతే, పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి ఫోనులో వెతికి, "నాచారంలనే కంపెనీ సర్వీసు ఉన్నదట ఆంటీ, చూడుండ్రి" అని నా ముందు పెట్టింది. ఆ వెబ్ అడ్రసు నేను రెండుసార్లు చదువుకున్నాను. మోటార్ల కంపెనీ పేరూ, దాని వెనక నాచారం పేరూ కలిపి రాసిన ఆ అడ్రసు ఒకప్పుడు మా అన్నది. అది చెయ్యి జారిన సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తము. వయసు మళ్ళినవాళ్ళం మనలో మనమైనా చెప్పుకోకపోతే ఇక ఎవరికి చెప్పుకుంటామని ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న మమ్మల్ని జనగామ పక్క పల్లె నుంచి ఉప్పల్‌కు తీసుకొచ్చిన కొత్తలోనే అన్న చదువు ఆపి, నాచారంలో నీటి మోటార్లు చేసే కంపెనీలో రాగి తీగ చుట్టి వార్నిషు పూసే వైండింగు పనికి కుదిరాడు. పొద్దున్నే సైకిలు మీద పోయి సాయంత్రం వార్నిషు వాసనతో తిరిగొచ్చేవాడు. అతను వచ్చాకే అమ్మ కంచాలు పెట్టేది గనక, ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ అన్నం వేళ అయిందనిపిస్తుంది. నా టీచరు ట్రైనింగు అంతా అతని జీతం మీదే నడిచింది. వాడలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. కంపెనీ పేరు ముందు పెట్టి అన్నా అనేవాళ్ళు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆ కంపెనీ ఒకనాడు గేటు మూసింది. యంత్రాలు లారీలెక్కి పోయాయి. పేరును మాత్రం ఎవరో ఉత్తరాదివాళ్ళు కొనుక్కున్నారని, అవే మోటార్లు ఇంకెక్కడో తయారవుతున్నాయని తరువాత తెలిసింది. అన్న నాచారం రోడ్డు మీద ఒక షటరు అద్దెకు తీసుకుని, ఆ కంపెనీ మోటార్లు బాగుచేస్తామని బోర్డు రాయించాడు. ఏళ్ళ తరబడి ఆ బోర్డును ఎవరూ ఏమీ అనలేదు.

అన్నకు ఒక్కతే కూతురు. ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగు చదువుతున్న ఆ మేనకోడలు ఒక సెలవుల్లో తండ్రికి ముచ్చటగా వెబ్‌సైటు చేసిపెట్టింది. అడ్రసు కూడా ఆమే ఎంచింది. అప్పటి నుంచి నారపల్లి వెంచర్ల నుంచి, పీర్జాదిగూడ అపార్టుమెంట్ల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. వాళ్ళలో కొందరు అన్నే కంపెనీ అనుకుని, కొత్త మోటారు కాలిపోయింది, ఊరికే మార్చి ఇమ్మని తగువుకొచ్చేవాళ్ళు. నారపల్లిలో ఒకాయన నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. తాను కంపెనీ మనిషిని కాదని అన్న ఓపిగ్గా చెప్పుకునేవాడు గానీ, ఆ పొరపాటంతా అడ్రసు వల్లేనని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ పేరు కొన్న కంపెనీ వకీలు నోటీసు వచ్చిన రోజు, ఇంగ్లీషు చదవగలదాన్నని నన్ను పిలిపించారు. తమ ట్రేడ్‌మార్కును అడ్రసులో పెట్టుకుని జనాన్ని భ్రమపెడుతున్నారనీ, దాన్ని తమకు అప్పగించాలనీ రాశారు. చదువుతూ 'బ్యాడ్ ఫెయిత్' అన్న చోట నేను ఆగాను.

"ఫెయిత్ అంటే విశ్వాసమే గదా చెల్లె?" అన్నాడు అన్న.

అన్న మా చర్చిలో సంఘ పెద్ద. ప్రభువు బల్ల రోజున, క్రీస్తు శరీరమని అందరూ తీసుకునే రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకూ తిరిగే మనిషి. అది లాయర్ల మాట అనీ, చెడ్డ ఉద్దేశంతో చేశారని దాని అర్థమనీ చెప్పాను. చెప్పి అతని ముఖంలోకి చూడలేకపోయాను.

ఉప్పల్‌లో మాకు తెలిసిన వకీలు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫలానా మోటార్లు బాగుచేస్తామని బోర్డు మీద రాసుకోవడం వేరు, ఆ పేరునే అడ్రసు చేసుకోవడం వేరు, మన వాదన నిలవడం కష్టం అన్నాడు. అన్న వాదించలేదు.

"అడ్రస్ ఇచ్చేస్త సార్. పేరు ఆళ్లదే, నేను కాదంటలేను. గా బ్యాడ్ ఫెయిత్ మాట ఒక్కటి తీసెయ్యమనుండ్రి. ముప్పయేండ్లు ఆళ్ల మోటార్లు ఈ చేతులతోనే చుట్టిన. ఎవ్వర్ని మోసం జెయ్యలే."

వకీలు అదే రాసి పంపాడు. అప్పటికే వాళ్ళు ఇలాంటి అడ్రసు తగాదాలు తీర్చే మధ్యవర్తి దగ్గర ఫిర్యాదు వేశారు. ఆ మాట లేకపోతే వాళ్ళ కేసే నిలవదట, అందుకని ఒప్పుకోలేదు. మేనకోడలు కాలేజీ మాని జవాబులు టైపు చేస్తూ, "పెట్టింది నేను గదా డాడీ, నా పేరు రాయమని చెప్తా" అని ఏడ్చింది. "షాపు నాది బిడ్డా. రాస్తే నా పేరే రాయనీ" అన్నాడు అన్న.

తీర్పు కంపెనీ వైపే వచ్చింది. అడ్రసు పోయినందుకు అన్న ఒక్కనాడూ బాధపడలేదు. కానీ అలాంటి తీర్పులను అందరూ చదివేలా ఇంటర్నెట్టులో పెడతారని మాకు తెలియదు. అన్న పూర్తి పేరు, నాచారం, ఆ మాట, మూడూ ఒక్కచోట. చర్చిలో కుర్రవాళ్ళెవరో చూశారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు గానీ, అతను రాగానే మాటలు ఆగిపోవడం అతనికి అర్థమైంది. పాస్టరుగారు ఇంటికొచ్చి ఎంత నచ్చజెప్పినా అన్న మళ్ళీ పళ్ళెం ముట్టలేదు. నేను మందలించబోతే, "గట్ల రాసినంక నేను రొట్టె ఇస్తే ఎవలన్న మనసువెట్టి తీస్కుంటరా చెల్లె?" అన్నాడు. కొన్నాళ్ళు వెనక వరసలో కూర్చున్నాడు, తర్వాత అదీ మానాడు. షటరు దించేశాడు. ఆ పైన ఎక్కువ కాలం బతకలేదు. గుండె నొప్పని దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. సమాధి దగ్గర మన్ను వేయడానికి మేనకోడలు ముందుకు రాలేకపోయింది. వదినే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ తీర్పులో తండ్రి పేరు తీసెయ్యమని మేనకోడలు చాలాసార్లు రాసింది. పాత తీర్పులు తీసేది లేదని జవాబొచ్చింది.

మన కాలంలో మాత్రం మనుషుల మీద నిందలు పడలేదా? నీళ్ళ కాడ ఒక మాట పుట్టి వాడంతా తిరిగేది. కానీ నింద వేసినవాళ్ళే మరచిపోయేవాళ్ళు, లేదంటే ఏ పెళ్ళిలోనో చావులోనో ఎదురుపడి చేతులు పట్టుకునేవాళ్ళు. మాట కూడా మనిషిలాగే ముసలిదై పోయేది. ఇప్పుడు మాటకు చావు లేదు. ఏటా తండ్రి పోయిన రోజున మేనకోడలు అతని పేరు ఫోనులో కొట్టి చూస్తుంది. ఒకరి చదువు కోసం తన చదువు ఆపుకున్న మనిషి అందులో ఎక్కడా ఉండడు. ఆ తీర్పు ఇంకా ఉందా అని నేను అడగను. ఆమె ఫోను బోర్లా పెట్టడం చూసి తెలుసుకుంటాను.