కట్ట కడుపులో మా చేను

మా వాగుకు అడ్డంగా కట్టిన మట్టికట్టకు పైన కనిపించేదంతా ఎర్రమొరం. లోపల ఉండి నీళ్లను ఆపేది మాత్రం మా చేనులోంచి తవ్వి పోసిన నల్లరేగడి. అంత జిగట మన్ను చండ్రుగొండ చుట్టుపక్కల ఎక్కడా లేదని ఇంజనీరు మా చేనును మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఎవరిక్కావాలి? చేను గొయ్యి అయింది, గొయ్యి మీద నీళ్లు నిలిచాయి. కట్ట కింద అందరి పొలాలూ పారాయి, మాకు పారించుకోవడానికి మడి లేకుండా పోయింది.

కట్ట అడుగున కొద్దిగా ఊట వస్తుంది. తేటగా వస్తే భయం లేదని, బురదగా వస్తే లోపలి మన్ను కొట్టుకుపోతున్నట్టేనని ఆ ఇంజనీరే చెప్పాడు. అప్పటినుంచీ అమ్మ రోజూ పొద్దున్నే ఆ నీళ్లు దోసిట పట్టి చూసుకునేది.

మొన్న వానాకాలం ఊట నల్లగా వచ్చింది. ఊరంతా ఇసుక బస్తాలు మోసింది. సాయంత్రానికి నీళ్లు తేటపడ్డాయి, జనం ఊపిరి పీల్చుకుని ఇళ్లకు మళ్లారు. అమ్మ మాత్రం ఊట పారే కాలువలో పేరుకున్న నల్లబురదను చేత్తో తోడుతూ కూర్చుంది.

"కట్టకేం కాలేదమ్మా, పోదాం దా" అని విసుక్కున్నాను.

అమ్మ పిడికిలి తెరిచి చూపించింది.

"కట్టకేం కాలేదు గానీ బిడ్డా, మన చేనుల గింత పోయింది."