గోదారి ఒడ్డున లారీ డ్రైవర్

దంతాలపల్లి దగ్గరి తండాలో వాల్యా ఇల్లు రోడ్డుకు అర కిలోమీటరు లోపల ఉంటుంది. లారీ దిగి ఇంటికొచ్చిన తర్వాత ఆ అర కిలోమీటరు కూడా అతనికి చాలా దూరమనిపించింది. తెల్లవారకముందే లేచి రోడ్డు మీదికి వెళ్లేవాడు. ఎండెక్కాక తిరిగొచ్చి మంచం వాకిట్లో వేసుకునేవాడు. కాసేపటికి దాన్ని చెట్టు నీడకు, ఇంకాసేపటికి కొట్టం పక్కకు లాక్కునేవాడు. అన్నం ముందు కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉండేది. తొర్రూరు పోవడానికి ఆటో ఎక్కితే డ్రైవర్ పక్కనే కూర్చుని, ఆటోవాడు బ్రేకు వేసినప్పుడల్లా తానూ కుడికాలు నేలకేసి తొక్కేవాడు.

అతనికి యాభై నాలుగేళ్లు. అందులో ముప్పై ఏళ్లు స్టీరింగ్ మీదే గడిచాయి. ఖమ్మం నుంచి మిర్చి నాగపూర్ చేర్చాడు, భూపాలపల్లి నుంచి బొగ్గు తోలాడు, గోదావరి ఇసుక హైదరాబాదుకు మోశాడు. నెలలో నాలుగైదు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కూతురు శిరీష పుట్టిన కబురు ఆదిలాబాద్ దాటాక ఒక ధాబాలో అందింది. భార్య కమ్లీ ఆ ముప్పై ఏళ్లూ రెండెకరాల పత్తి చేను చూసుకుంది, బిడ్డను చదివించింది.

పోయిన ఏడాది చలికాలం చివర అతను సంచీ, దుప్పటి పట్టుకుని ఇంటికొచ్చేశాడు.

"సేటు లారీ అమ్ముకున్నడు" అన్నాడు కమ్లీతో.

"ఇంకో సేటు దొరకడా?"

"దొరుకుతడు. తొర్రూర్ల ఒకాయనతోని మాట్లాడుతున్న."

ఆ మాటలు పదకొండు నెలలైనా తెగలేదు. కమ్లీ అడగడం మానేసింది. కాకపోతే, ఏదో ఉంది, చెప్పడం లేదు అన్న గుబులు ఆమెకు మిగిలిపోయింది.

శిరీష మహదేవపూర్ వైపు అడవిలో బీట్ ఆఫీసరుగా పనిచేస్తోంది. మళ్లీ చలికాలం వచ్చేసరికి అక్కడ గోదావరి ఒడ్డున, హైవేకు దగ్గరగా, జనం వచ్చి ఉండడానికి ఎనిమిది టెంట్లు వేశారు. ఆధార్ కార్డు చూపించి పేరు రాయించుకుంటే ఎవరైనా ఉండొచ్చు. వంటకు రేకుల షెడ్డు, చివర స్నానాల గదులు. శిరీష తల్లికి ఫోన్ చేసి, "యాడీ, బాపును తీసుకొని రా. రెండు రోజులుండి పోదురు" అంది. వాల్యా ఎందుకని అడగలేదు, వెళ్లే రోడ్డు పొడవు మనసులో లెక్కేసుకుని సరేనన్నాడు. హనుమకొండ నుంచి బస్సులో సీటు దొరికినా కూర్చోకుండా, ఇంజన్ పక్కన కడ్డీ పట్టుకుని మహదేవపూర్ దాకా నిలబడే ఉన్నాడు.

టెంటు చూసి కమ్లీకి నవ్వొచ్చింది. లోపల రెండు పరుపులు, ఒక బల్బు, తలుపుకు బదులు జిప్పు. ఎదురుగా ఇసుక మేట, ఆ మేట అవతల సన్నగా గోదావరి. వెనక తుమ్మచెట్లకు అవతల హైవే. లారీ పోయినప్పుడల్లా టెంటు గుడ్డ సన్నగా అదిరేది.

"ఎంత సల్లగున్నదో" అని కమ్లీ నీళ్ల వైపు కాళ్లు చాపుకుని కూర్చుంది.

వాల్యా కూర్చోలేదు. జిప్పు తీసి లోపలికి వెళ్లాడు, బయటికొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. నీళ్ల దాకా నడిచి చెయ్యి ముంచి వచ్చాడు. స్నానాల గదుల వెనక మోటారు చూసొచ్చాడు. ఆ తర్వాత హైవే మీదికెళ్లి గంటసేపు రాలేదు.

"ఎందుకట్ల తిరుగుతున్నవ్? కూసోరాదు జర" అంది కమ్లీ.

"కూసుంటే కాళ్లు గుంజుతున్నయ్."

పక్క టెంటులో జనగామ నుంచి వచ్చిన జంట ఉంది. జితేందర్‌కు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, భార్య విజయ బడిలో లెక్కల టీచరు. కలుపుగోలు మనుషులు. సాయంత్రం వాళ్లు చేసుకున్న చేపల పులుసులోంచి ఒక గిన్నె ఇటు పంపారు. తింటున్నంతసేపూ వాల్యా లారీ కబుర్లు చెప్పాడు. జితేందర్ ఆసక్తిగా విన్నాడు. "అన్నా, నీ అసొంటోళ్లకు రోడ్లన్ని అరచేతుల రేఖలే" అన్నాడు. వాల్యా ఆ మాటకు తల దించుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

రెండో రోజు సాయంత్రం నాలుగు గంటలప్పుడు జితేందర్ కారును కడగడానికి నీళ్ల దాకా పోనిచ్చాడు. మేట మధ్యలో ముందు చక్రాలు కూరుకుపోయాయి. అతను కంగారుపడి యాక్సిలేటర్ తొక్కేకొద్దీ చక్రాలు ఇసుకను చిమ్ముతూ ఇంకా లోతుకు దిగాయి. ఆ చప్పుడు వినగానే వాల్యా పరుగున వెళ్లాడు.

"తొక్కకు తమ్మీ. తొక్కితే ఇల్లు కట్టుకుంటది గాడనే. ఇంజన్ బంద్ చెయ్."

నాలుగు టైర్లలో గాలి సగానికి తీయించాడు. చక్రాల ముందు ఇసుకను చేతులతో తోడి, షెడ్డులోంచి తెచ్చిన గోనె సంచులు పరిచాడు. మోకాళ్ల మీద వంగి, వేళ్లతో తడుముతూ ఆ పని చేస్తుంటే అతనిలో తొందర గానీ తడబాటు గానీ లేదు. అంతా అయ్యాక జితేందర్ రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ బండి ఆగిపోయింది.

"నాతోని కాదన్నా. నువ్వే ఎక్కు."

వాల్యా ఒక్క క్షణం ఆగి, ఎక్కాడు. రెండో గేరులో, చప్పుడు పెరగనివ్వకుండా, క్లచ్చు మెల్లగా వదిలాడు. కారు గోనెల మీదికెక్కి, కొంచెం ఊగి, ఆగకుండా మేట మీదే వెనక్కి మళ్లి టెంట్ల దగ్గరి గట్టినేల మీదికొచ్చింది. విజయ చప్పట్లు కొట్టింది.

"టైర్లల్ల గాలి లేదు. రోడ్డు మీద రెండు కిలోమీటర్లకు పంచర్ దుకాణం ఉన్నది, నిన్న చూసిన. కొట్టించుకొనొస్త" అన్నాడు వాల్యా కారు దిగకుండానే.

జితేందర్ నడుము దాకా ఇసుకతో ఉన్నాడు. "పోయి రా అన్నా, నేను జర కడుక్కుంట" అన్నాడు.

కమ్లీ లేచి కొంగు దులుపుకుంది. "నేను గూడ వస్త."

ముప్పై ఏళ్లలో వాల్యా ఆమెను లారీ క్యాబిన్‌లో ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు. లోడు బండిలో ఆడవాళ్లెందుకు అనేవాడు. ఇప్పుడు పక్క సీటు మీది తువ్వాల తీసి వెనక్కి విసిరాడు. శిరీష అప్పటికి అడవిలో డ్యూటీ మీద ఉంది.

హైవే ఎక్కగానే కమ్లీ అతని వంక చూసింది. మోకాలు ఆడడం లేదు. భుజాలు కిందికి దిగాయి. స్టీరింగ్ మీద చేతులు నిద్రపోతున్నంత నెమ్మదిగా ఉన్నాయి. ఈ మనిషి ఇంట్లో ఉన్న మనిషి కాదనుకుంది. అడవి రెండు పక్కలా వెనక్కి పోతోంది. ఆమెకు కూడా గుండె తేలికైంది.

కుడి పక్కన టైర్లు వేలాడదీసిన పాక దాటిపోయింది.

"దుకాణం పోయింది గదా."

"ఏది?"

"గదే, టైర్లు ఏలాడగట్టిండు."

అతను బండి ఆపలేదు. ఇంకొంచెం దూరం పోవాలని ఉందేమోననుకుంది కమ్లీ. పొద్దు దిగుతోంది, ఎండ సూటిగా అద్దంలోకి కొడుతోంది. కాసేపటికి ఆమెకు ఇంకో సంగతి కనబడింది. అతను ముందుకు చూడడం లేదు. తల కొంచెం పక్కకు వంచి, రోడ్డు అంచున తెల్లగీతను మాత్రమే పట్టుకుని పోతున్నాడు.

"ముందట మేకలున్నయ్" అంది.

కారు అదే వేగంతో పోతోంది.

"మేకలున్నయంటున్న. రోడ్డు దాటుతున్నయ్, ఆపు."

అతని కాలు అప్పటికీ బ్రేకు మీదికి రాలేదు. కమ్లీ అతని చెయ్యి పట్టుకుని గుంజింది. అప్పుడు తొక్కాడు. గాలి తక్కువైన టైర్లు జారాయి, కారు అడ్డంగా తిరిగి రోడ్డు దిగి ఒక పొదలో ముక్కు దూర్చి ఆగింది. మేకలు చెల్లాచెదురై అడవిలోకి పరిగెత్తాయి. ఆ మేకల వెనక, కారు ఆగిన చోటికి రెండు బారల దూరంలో, చేతికర్రతో ఒక ముసలామె నిలబడి ఉంది. లచ్చి అని, ఆ పక్క ఊరామె. ఆమె కదల్లేకపోయింది.

వాల్యా దిగాడు. బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. లచ్చి దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు.

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా?" అంది.

"అవునవ్వా. కనవడ్తలేవు" అన్నాడు వాల్యా.

ఆమె మేకలను పిలుచుకుంటూ అడవిలోకి దిగింది. కమ్లీ కారు పక్కనే నిలబడి ఆ మాట విన్నది.

"ఎన్ని రోజుల సంది?"

"ఏడాది దాటింది. షుగర్ కండ్లల్లకు దిగింది. నడుమల మబ్బు పట్టినట్లుంటది. పక్కలకు కొంచెం కనవడ్తది."

"సేటు లారీ అమ్మలే?"

"అమ్మలే. నేనే తాళంచెవి ఇచ్చిన."

నాగపూర్ నుంచి ఖాళీ బండితో వస్తూ ఒక ఊరి దగ్గర లారీ పక్క అద్దం సైకిల్ మీద పోతున్న మనిషిని రాసుకుపోయిందని చెప్పాడు. మనిషి పడ్డాడు గానీ దెబ్బలేం తగల్లేదు, లేచి దుమ్ము దులుపుకుని పోయాడు. "వానికేం గాలే. కానీ నేను వాన్ని చూడనే లేదు. సప్పుడైనంక తెల్సింది. రెండోనాడే బండి ఇచ్చేసిన" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"గుడ్డోడు ఇంట్ల కూసున్నడంటరు. గా మాట తండల పడద్దనుకున్న."

కమ్లీ మేకలు దాటిన రోడ్డు వైపు చూసింది. గొంతు పెంచకుండానే అడిగింది. "లారీ వద్దనుకున్నోనివి, మరి గిప్పుడెందుకు ఎక్కినవ్? ఆ ముసల్దానికి ఏమన్న అయితే? నన్ను పక్కన కూసోపెట్టుకొని మరీ ఎక్కినవ్."

"తాళంచెవి చేతిలకు వచ్చింది. మళ్ల ఇయ్యబుద్ధి కాలే" అన్నాడు.

శిరీషకు ఫోన్ కమ్లీయే చేసింది. శిరీష జితేందర్‌ను తన బండి మీద ఎక్కించుకుని వచ్చింది. జితేందర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు గీరుకుపోయిన చోట చేత్తో తుడిచాడు. వాల్యా అతని ముందు నిలబడి, "తప్పు నాదే. కండ్లు సరిగ లేవని నీకు చెప్పకుండ ఎక్కిన" అన్నాడు. "విజయ గూడ నీతోని ఎక్కి ఉంటే ఏమైతుండె అన్నా" అని మాత్రం అన్నాడు జితేందర్. ఆ రాత్రి పక్క టెంటు నుంచి మాటలు వినబడలేదు. పొద్దున వాళ్లు పెందలాడే సామాను సర్దుకున్నారు. విజయ ఒక్కతే వచ్చి కమ్లీ చెయ్యి పట్టుకుని, హనుమకొండలో కంటి డాక్టరు పేరు కాగితం మీద రాసిచ్చి వెళ్లింది.

శిరీష మాత్రం తండ్రిని వదల్లేదు. టెంటు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"బాపు, నీ ఫోన్ల అక్షరాలు అంత పెద్దగ ఎందుకు పెట్టమన్నవో నాకిప్పుడు తెల్సింది. నేను నవ్విన ఆనాడు."

"నవ్వుతే నవ్వినవ్ లే."

"డ్యూటీ పక్కకు పెట్టిన. ఇయాల్నే దవాఖానకు పోదాం."

అతను లేచి నీళ్ల వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్లీ వేశాడు. శిరీష ఆపలేదు. తల్లి సంచీ సర్దేదాకా అతను ఇసుకలో అలా వెళ్తూ వస్తూనే ఉన్నాడు.

హనుమకొండ దవాఖానలో డాక్టరు చుక్కలు వేసి గంటసేపు చూసింది. ఎడమ కన్ను చూపు ఇక రాదంది. కుడి కన్నులో నెలనెలా ఇంజెక్షన్లు వేస్తే ఉన్నది నిలుస్తుందంది. ముందే వచ్చి ఉంటే ఇంకొంచెం దక్కేదని కూడా చెప్పింది. వాల్యా ఒక్కటే అడిగాడు.

"బండి?"

"ఏ బండీ వద్దు. సైకిల్ కూడా వద్దు" అందామె.

అదే రోజు కంట్లోకి మొదటి సూది వేశారు. బయటికొచ్చాక వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి తిరిగి, చివరికి కమ్లీ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. ఏడుపు ఆగాక టీ తెచ్చిచ్చింది.

ఐదు ఇంజెక్షన్లు అయ్యాయి. కుడి కన్ను నిలిచింది. ఎదురుగా వచ్చే మనిషిని పది అడుగుల దూరంలో పోల్చుకుంటాడు. తండాలో ఎవరైనా ట్రాక్టరు కొంచెం వెనక్కి తీసి పెట్టమంటే, "నాకు కనవడదు, ఇంకొకన్ని పిలువు" అంటాడు. మొదట్లో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేవాడు. ఇప్పుడు బస్సులో పక్కన కూర్చున్న కొత్తవాళ్లకు కూడా అడగకుండానే చెప్తాడు.

నిలకడ మాత్రం రాలేదు. మంచం ఇప్పటికీ రోజుకు మూడు చోట్లకు మారుతుంది. కమ్లీ దానికొక దారి చూసింది. ఆదివారం కూరగాయలకు ఆటో ఎక్కడం మాని దంతాలపల్లి దాకా ఇద్దరూ నడిచి పోతున్నారు. అతను వేగంగా నడుస్తాడు, ఆమె పదడుగులు వెనకబడుతుంది. గుంట వస్తే వెనక నుంచి చెప్తుంది, అతను ఆగి, కాలితో తడిమి, దాటుతాడు. మొన్న సగం దారిలో ఆమె చెప్పు తెగింది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, జేబులోంచి తీగ ముక్క తీసి రోడ్డు పక్కన కూర్చుని కట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. కమ్లీ ఒంటికాలి మీద అతని భుజం పట్టుకుని నిలబడింది.