రాగి చెంబు కథ నేనే అల్లాను

ఇల్లందు బొగ్గుబావిలో నాతో షిఫ్టు చేసినవాళ్లెవరూ నా మాట నమ్మరు. మా నాన్న వైపు తాత ఎనభయ్యో ఏట భద్రాచలం దగ్గర వరద గోదావరిని ఈదాడనీ, రోజూ రాగి చెంబులో నీళ్లు తాగడం వల్లే ఆ సత్తువ వచ్చిందనీ చెబితే క్యాంటీన్ అంతా నవ్వింది. నిజానికి తాతకు మోకాలిలోతు వాగన్నా భయమే.

నమ్మింది ఒక్క నా భార్య. పెద్దకూతురికి చేయి వణకడం, మాట ముద్దగా రావడం మొదలవగానే రాగి చెంబు కొనుక్కొచ్చి, రోజూ పరగడుపున ఆ నీళ్లే పట్టింది. కథ నాదే కదా, అబద్ధమని చెప్పి చెడగొట్టబుద్ధి కాలేదు.

వణుకు తగ్గకపోగా ఎక్కువైంది. పిల్లను ఖమ్మం తీసుకెళ్లాను. డాక్టరమ్మ యంత్రంతో కంట్లోకి చూసింది. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందట. రక్తం, మూత్రం పరీక్షలయ్యాక విల్సన్ వ్యాధి అంది. తిండిలోని రాగిని కాలేయం బయటికి పంపలేక, అది మెదడులో పేరుకుపోతోందట.

"మా చెంబు వల్లనా మేడం?"

"చెంబుతో రాలేదు. మీది మేనరికమా?"

"అవ్, మేనమామ బిడ్డనే."

"మీ ఇద్దరిలో దాగున్న లోపం రెండువైపుల నుంచీ పిల్లకు వచ్చింది. జీవితాంతం మందులు వాడాలి, మెల్లగా తేరుకుంటుంది. ఆ చెంబు తీసేయండి. చిన్నమ్మాయిని బాగానే ఉన్నా సరే, వెంటనే తీసుకురండి."

ఇంటికొచ్చి చెబితే నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒంట్ల రాగి పేరుకునుడేంది, కంట్ల ఉంగరమేంది? ఏ క్యాంటీన్ల అల్లినవయ్యా ఇది? నా చిన్నదాన్ని సూదులతోటి పొడవనియ్య."

"తాత గోదారి ఈదింది అబద్ధం. ఇది నిజం."

"నీ నోట్ల ఏది నమ్మాలె?"

అప్పుడు పెద్దది ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ అంది: "మమ్మీ, డాక్టరమ్మ చెప్తుంటే నేను విన్న. నిజమే."

తెల్లారి మొదటి బస్సుకే నలుగురం ఖమ్మం వెళ్లాం.

చిన్నదానికీ ఉంది. కానీ చేయి వణకకముందే, మాట తడబడకముందే దొరికింది. ఇప్పుడు ఇద్దరూ తిండికి గంట ముందు మందు వేసుకుంటారు. పెద్దది ఆదివారం చర్చిలో వాక్యం చదువుతోంది. నెమ్మదిగానే, అందరికీ అర్థమయ్యేలా. చెంబులో నా భార్య బంతిమొక్క నాటింది.

క్యాంటీన్‌లో కంటి వలయం సంగతి చెబితే, నేను ఇంతవరకు కోసిన కోతల్లో ఇదే పెద్దది అన్నారు.

మొన్న మందు మింగుతూ చిన్నది అడిగింది: "డాడీ, మీ తాత నిజంగ ఈదలేదా?"

"లేదు బిడ్డా. ఒడ్డున కూసోని ఈదేటోళ్లను తిట్టిండు."