వాయిదాల హతసాక్షి

మా ఇంగ్లీషు అయ్యవారు పోయినారు. పోయిన నెల ఒక ఆదివారం కోవూరులో, ప్రార్థనకు పోదామని చొక్కా తొడుక్కుంటూ మంచం మీద కూర్చుని మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు తేల్చాడు. బి.ఏ. ప్యాసైన నా అభిప్రాయం వేరు. ఆయన్ను చంపింది వాయిదాలు.

ఒకసారి క్లాసులో ‘మార్టర్’ అంటే ఏమిటన్నారు. "చచ్చినాక పటానికి దండ పడేవాడు సార్" అన్నాను. అందరితో పాటు ఆయనా నవ్వి, "దండ తర్వాత వచ్చింది అబ్బయా. గ్రీకులో ఆ మాటకి మొదటి అర్థం సాక్షి. చూసింది చెప్పేవాడు. చెప్పినందుకు చంపడం మొదలైనాక చావు కూడా అందులో చేరింది" అన్నారు. తెలుగు క్రైస్తవులు రెండూ కలిపి హతసాక్షి అంటారట. వెనక బెంచీ సాయిబుల కుర్రాడు, తమవాళ్లు అమరుణ్ని పిలిచే షహీదు మాటకీ మూలం సాక్ష్యమేనన్నాడు. అయ్యవారు పొంగిపోయి ఆ పూట వ్యాకరణం మానేశారు.

ఆయన రిటైరైన ఏడు, సముద్రపు ఒడ్డున సరుగుడు తోట వెయ్యాలని ఒక ఆసామి జాలర్లు వేటకి పోయిన పూట చూసి వాళ్ల గుడిసెలు తగలబెట్టించాడు. అక్కడి పాత శిష్యుణ్ని చూడ్డానికి పోయిన అయ్యవారు పట్టపగలు అంతా చూశారు. చూసిన మిగతావాళ్లకి కేసు పడగానే చూపు పోయింది. మిగిలిన సాక్షి ఈయనొక్కడే.

ఇక పెన్న దాటి నెల్లూరు కోర్టుకి రావడం, వరండా బెంచీ చివర గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, అవతలి వకీలుకి జ్వరమని తిరిగిపోవడం. ఏళ్లు గడిచాయి. కాలేజీ ఎగ్గొట్టి నేనూ తోడు కూర్చునేవాణ్ని. ఆసామి వచ్చి వినయంగా దండం పెట్టేవాడు.

"ఆరోగ్యం ఎట్టుంది అయ్యవారూ?"

"నాకు బాగానే ఉంది. మీ వకీలుకే పాపం."

మద్రాసులో కూతురు రమ్మని పోరేది. ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుంది, పోండి సార్ అన్నాను.

"నేను పోతే ఆ మంట చూసినోడు లేడబ్బయా. అప్పుడు గుడిసెలు తగలబడలేదనే అర్థం."

కాగడా ఎవరు పట్టుకున్నారో, గాలి ఎటు వీచిందో, అన్నీ నాకు చెప్పారు. ఆయన పోయాక జాలర్ల వకీలు దగ్గరికి పరుగెత్తి, నేను చెబుతానన్నాను.

"నువ్వు చూసినావా?"

"విన్నాను."

"అయితే ఇంటికి పో నాయనా."

నిన్న వాయిదా. అవతలి వకీలు నిక్షేపంగా వచ్చాడు. బంట్రోతు వరండాలోకొచ్చి అయ్యవారి పేరు మూడుసార్లు పిలిచాడు. జాలర్లంతా అలవాటుగా బెంచీ చివరకి చూశారు. అక్కడ నేనున్నాను, ఆయన గొడుగు ఒళ్లో పెట్టుకుని.